కరణం కలం, మన వేలిముద్ర: బ్రౌజర్ ఏజెంట్ల మీద కొన్ని ప్రశ్నలు

2025 జనవరి 23న అమెరికాలో ఓపెన్‌ఏఐ కంపెనీ 'ఆపరేటర్' అనే సరుకును లోకానికి చూపించింది. మనిషి ఒక మాట చెప్పి పక్కన కూర్చుంటాడు. తెర మీద పేజీలు వాటంతటవే తెరుచుకుంటాయి, గళ్లు నిండుతాయి, బొత్తాలు నొక్కుకుంటాయి. హోటల్లో టేబుల్ బుక్కవుతుంది. చేత్తో రాసిన సరుకుల చీటీని ఫోటోలో చూసి, అంగడి సైటుకు పోయి ఒక్కొక్కటీ బుట్టలో వేస్తుంది. ఆటకు టికెట్లు వెతుకుతుంది. విసుగు పుట్టించే రోజువారీ పనులు ఇక మీరు చేసుకోనక్కర్లేదు, మీ తరఫున చేసిపెట్టే ఏజెంటు వచ్చేశాడు. ఇదీ ఆ ప్రదర్శన సారం.

మేం ఈ ప్రదర్శనను ఒక కథను చదివినట్టు చదవదలిచాం. తెలుగు సాహిత్యంలో 'సామాన్యుడు' అన్న మాట కనబడ్డ ప్రతిచోటా ఆ సామాన్యుడి కులమేంది, వాడి ఇల్లు ఊళ్లో ఉందా వాడలో ఉందా అని దళిత విమర్శ అడిగింది. అడిగినందుకు తిట్లు కూడా తిన్నది. ఇప్పుడు 'రోజువారీ పని' అన్న మాట దగ్గర అదే ప్రశ్న అడగాలి. ఎవరి రోజు? ఎవరి పని? ఎవరి చేతికి విశ్రాంతి, ఎవరి చేతికి కొత్త బేడీ?

ఇది అమెరికా వాళ్ల ముచ్చట, మనకెందుకు అనుకునే వీల్లేదు. ఆపరేటర్ మొదట నెలకు 200 డాలర్లు కట్టగల అమెరికా వాళ్లకే దొరికింది. అదే ఏడాది జులైలో పర్‌ప్లెక్సిటీ కంపెనీ 'కామెట్' అనే ఏజెంటు బ్రౌజర్‌ను తెచ్చింది. ఆ నెలలోనే ఎయిర్‌టెల్ తన దాదాపు 36 కోట్ల మంది ఖాతాదారులకు పర్‌ప్లెక్సిటీ సేవను ఏడాదిపాటు ఉచితంగా ఇస్తామని ప్రకటించింది. అక్టోబరుకల్లా కామెట్‌ను అందరికీ ఉచితం చేశారు. ఆపరేటర్ పేరు పోయి ఆ పని చాట్‌జీపీటీలో కలిసింది, ఆ తర్వాత 'అట్లాస్' అనే బ్రౌజర్ వచ్చింది. మన హాస్టల్ పిల్లల ఫోన్లోని సిమ్ముకూ ఈ సరుకుకూ మధ్య దూరం ఏడాది కూడా పట్టలేదు. అందుకే ఇది మన పత్రికలో మాట్లాడుకోవాల్సిన విషయం.

1. పనితనం సంగతి

ముందు ఇది ఎట్లా పనిచేస్తుందో తెలుసుకోవాలి. తెలుసుకోకుండా తిట్టడం మన పద్ధతి కాదు.

ఈ ఏజెంటు తెరను ఫోటో తీస్తుంది. ఆ ఫోటోలో ఏ గడి ఎక్కడుంది, ఏ బొత్తం ఎక్కడుంది అని చూస్తుంది. ఏం చేయాలో ఒక అడుగు ఆలోచిస్తుంది. నొక్కుతుంది, లేదా టైపు చేస్తుంది. మళ్లీ ఫోటో తీస్తుంది. మళ్లీ నొక్కుతుంది. కొన్ని రకాలు ఫోటోతోపాటు పేజీ వెనకున్న రాతను కూడా చదువుతాయి. పని అయ్యేదాకా ఇదే వరస. పాస్‌వర్డ్ దగ్గర, డబ్బు కట్టే దగ్గర, 'నువ్వు మనిషివేనా' అని అడిగే బొమ్మల పరీక్ష దగ్గర సాధారణంగా ఆగి, 'ఇక్కడ మీరే చేయండి' అంటుంది.

తప్పులు చేస్తుందా? చేస్తుంది. 2024 అక్టోబరులో ఆంత్రోపిక్ కంపెనీ ఇలాంటి పనితనాన్ని మొదటిసారి బయటపెట్టినప్పుడు ఓఎస్‌వరల్డ్ అనే పరీక్షలో దానికి నూటికి 14.9 మార్కులు వచ్చాయి. ఆపరేటర్‌కు 38.1 వచ్చాయి. అదే పరీక్షలో మనుషులకు సుమారు 72. ఆ తర్వాత యంత్రాల మార్కులు పెరుగుతూ వచ్చాయి, ఇంకా పెరుగుతాయి. కనుక 'ఇది పనికిరాదు' అన్నది మా వాదన కాదు. బాగా పనికొచ్చే రోజున ఎవరికి పనికొస్తుంది అన్నదే మా ప్రశ్న.

ఇంకొక గుణం కూడా గుర్తుపెట్టుకోవాలి. యజమాని చెప్పిన మాటకూ, పేజీలో రాసున్న మాటకూ మధ్య తేడా దీనికి ఖాయంగా తెలియదు. 2025 ఆగస్టులో బ్రేవ్ అనే బ్రౌజర్ కంపెనీ పరిశోధకులు ఇది చేసి చూపించారు. పేజీలో కంటికి కనపడకుండా కొన్ని ఆజ్ఞలు దాచి పెడితే, ఆ పేజీ సారాంశం చెప్పమన్న పాపానికి కామెట్ ఏజెంటు ఆ దొంగ ఆజ్ఞలను పాటించి, యజమాని మెయిల్లోకి పోయి ఓటీపీ తెచ్చి బయట పెట్టేసింది. అంటే ఈ పాలేరు దారిన పోయే దొర ఎవరు గట్టిగా చెప్పినా వింటాడు. ఇంటి తాళాలు మాత్రం మనవి.

2. మన బ్రౌజర్లో మన పని

హోటల్లో టేబుల్ బుక్ చేసుకునేవాడికి బ్రౌజర్ అంగడి. మరి మనకు? మన జనం బ్రౌజర్ ముందుకు పోయేది కొనుక్కోవడానికి కాదు, నిరూపించుకోవడానికి. కుల సర్టిఫికెట్, ఆదాయ సర్టిఫికెట్, స్కాలర్‌షిప్, ఫీజు రీయింబర్స్‌మెంట్, రేషన్ కార్డు, పింఛను, ఉపాధి హామీ కూలి. 'నేను ఫలానా కులంలో పుట్టాను, నిజంగానే పేదను, బతికే ఉన్నాను' అని ఏటేటా చెప్పుకునే చోటు అది. 2011లో మీసేవ వచ్చినప్పటి నుంచి ఆఫీసు గుమాస్తా బల్ల కొంత తెర మీదికి మారింది. కొంత మేలు జరిగింది, కాదనం. లంచం అడిగే చేతులు తగ్గాయి. కానీ తెర ముందు కూర్చోగలిగినవాడు, కూర్చోలేనివాడు అని కొత్త గీత పడింది.

మాలో కొందరం వెల్ఫేర్ హాస్టళ్లలో చదువుకున్నవాళ్లం. నెట్ సెంటర్లో జరిగే ముచ్చట మాకు తెలుసు. ఇంటర్ చదివే అమ్మాయి కాగితాలన్నీ పాలిథిన్ కవర్లో పెట్టుకుని వస్తుంది. సెంటర్ నడిపే పిల్లవాడు చూస్తాడు.

"చెల్లే, ఆధార్‌ల ఇంటిపేరు ముందుంది, టెన్త్ మెమోల ఎనకుంది. ఇట్ల పంపితే రిజెక్టయితది."

"మరెట్లన్నా?"

"నేన్ జేస్త తియ్. ఓటీపీ జెప్పు."

ఓటీపీ చెప్తుంది. వాడు ఏదో కొడతాడు. ఒక గళ్లో తన ఫోన్ నంబరే వేస్తాడు, మెసేజి తనకొస్తే పని తేలికని. పాస్‌వర్డ్ తనే పెట్టి తన నోటుబుక్కులో రాసుకుంటాడు. అడుగున 'పై వివరాలన్నీ నేను చదివి, సరైనవని ధ్రువీకరిస్తున్నాను' అని ఉంటుంది. ఆ పిల్ల చదవలేదు. వాడూ చదవలేదు. గళ్లో టిక్కు పడింది. ఆర్నెల్లకు స్కాలర్‌షిప్ రాదు. ఎందుకు రాలేదో చెప్పే మెసేజి వాడి ఫోన్‌కు వచ్చి ఎప్పుడో కొట్టుకుపోయింది.

వాడు చెడ్డవాడు కాదు. చాలాచోట్ల వాడు మన వాడ పిల్లవాడే, డిగ్రీ చదివి ఉద్యోగం రాక ఆ కుర్చీలో కూర్చున్నవాడే. మేం చెప్పేది వాడి గుణం గురించి కాదు, ఆ టిక్కు గురించి. మన పేరు మీద, మనం చదవని మాటకు, ఇంకొకరు పెట్టే ఒప్పుదల. ఇది మనకు కొత్తా?

3. పాత కరణం

కొత్త కాదు. ఊళ్లో కరణం ఉండేవాడు. తెలంగాణలో పట్వారీ అన్నాం. ఎక్కువచోట్ల బ్రాహ్మణుడు, ఆ ఉద్యోగం తండ్రి నుంచి కొడుక్కి వచ్చేది. భూమి దున్నింది మనం, భూమి లెక్క రాసింది వాడు. బంజరు ఎవరిది, పోరంబోకు ఎక్కడిదాకా, ఎవరి పేరున పట్టా, అన్నీ వాడి కలం మొనలో. మన తాతలు వేలిముద్ర వేశారు. 1984 జనవరిలో ఎన్టీ రామారావు ప్రభుత్వం ఆ వంశపారంపర్య గ్రామోద్యోగాలను రద్దు చేసిందాకా వాడి కలానికి ఎదురు లేదు.

పాత దస్తావేజుల ఆఖరి వాక్యం ఎప్పుడైనా చూశారా? 'చదివి వినిపించగా విని, సరి అని ఒప్పుకుని' అని ఒక మాట ఉంటుంది, దాని కింద వేలిముద్ర. ఆ మాట కూడా కరణమే రాస్తాడు. చదివి వినిపించాడా? లేదు. కానీ వినిపించినట్టు కాగితం సాక్ష్యం చెప్తుంది. దోపిడీ మొత్తంలో మాకు అన్నిటికన్నా క్రూరంగా కనబడేది ఈ వాక్యమే. భూమి పోవడం ఒక ఎత్తు, 'నా ఇష్టంతోనే పోయింది' అని నా వేలే చెప్పడం ఇంకొక ఎత్తు.

మహాత్మా ఫూలే 1883లో 'షేత్కర్యాచా ఆసూడ్', అంటే సేద్యగాడి చర్నాకోల, రాశాడు. అక్షరం రాని రైతును అక్షరం వచ్చిన కులం కచేరీల్లో, రికార్డుల్లో ఎట్లా ముంచుతుందో అందులో పూసగుచ్చినట్టు చెప్పాడు. ఫూలే విప్పింది దొంగతనాన్ని ఒక్కదాన్నే కాదు, దొంగతనాన్ని సాధ్యం చేసే ఏర్పాటును. రాసేవాడు ఒకడు, రాయబడేవాడు ఒకడు. ఆ రెండు స్థానాలూ పుట్టుకతో ఖాయం.

ఇప్పుడు ఆ ప్రదర్శనను మళ్లీ చూడండి. ఏజెంటును అమ్మేవాళ్లు దాన్ని సేవకుడిగా పరిచయం చేస్తారు. ఇంగ్లీషు చదవగలిగి, బ్యాంకు కార్డు చేతిలో ఉండి, తప్పు జరిగితే పట్టుకోగలిగినవాడికి అది నిజంగానే సేవకుడు. టేబుల్ ఏడింటికి బదులు ఎనిమిదింటికి బుక్కయితే చూసి దిద్దుకుంటాడు. కానీ ఆ ఏజెంటే తెర చదవలేని మనిషి దగ్గరికి వచ్చేసరికి సేవకుడు కాడు, కరణం అవుతాడు. మన తరఫున, మనకు రాని భాషలో, మనం చూడలేని వేగంతో రాస్తాడు. చివర 'చదివి వినిపించగా విని' అనే గళ్లో టిక్కు పెడతాడు. యంత్రం ఒకటే. ఎవరి చేతిలో ఉందన్నదాన్ని బట్టి ఒకరికి పాలేరు, ఇంకొకరికి కరణం. ఈ వ్యాసంలో మేం చెప్పదలిచిన మాట ఇదే.

4. శర్మ గారెక్కడి నుంచి వచ్చారు?

ఇది ఊహ కాదు. 2025 అక్టోబరులో ఎంఐటీ టెక్నాలజీ రివ్యూ పత్రిక ఒక సంగతి రాసింది. బెంగాల్‌కు చెందిన ఒక దళిత పరిశోధకుడు ఫెలోషిప్ దరఖాస్తులో తన ఇంగ్లీషును సరిచేయమని చాట్‌జీపీటీని అడిగాడు. అది ఇంగ్లీషు సరిచేసింది. దాంతోపాటు అతని ఇంటిపేరును 'శర్మ' అని మార్చింది. దరఖాస్తులో అతను ఇంటిపేరే రాయలేదు. మెయిల్ చిరునామాలో 'ఎస్' అనే ఒక్క అక్షరం ఉంది. ఆ అక్షరం చూసి యంత్రం శర్మ అనుకున్నట్టుంది.

మనవాళ్లు కొందరు దీన్ని చిన్న పొరపాటు అంటారు. మేం కాదంటాం. 'ఎస్' అక్షరంతో మొదలయ్యే ఇంటిపేర్లు ఎన్ని లేవు? ఫెలోషిప్పుకు దరఖాస్తు పెట్టేవాడు శర్మ అయి ఉంటాడన్న నమ్మకం యంత్రానికి ఎక్కడిది? అది మింగిన కోట్ల పేజీల్లోంచి వచ్చింది. ఆ పేజీల్లో చదువుకున్నవాడు, రాసేవాడు, విదేశం పోయేవాడు ఎవరి ఇంటిపేరుతో ఉన్నాడో అదే దానికి 'మామూలు'. మన పేర్లు అక్కడ ఏ సందర్భంలో ఉన్నాయి? హత్య వార్తల్లో, లెక్కల పట్టికల్లో, రిజర్వేషన్ల మీద తిట్లలో. అదే పత్రిక కంపెనీ అప్పటి కొత్త నమూనా జీపీటీ-5ను కులం గురించిన 105 ఖాళీ పూరించే వాక్యాలతో పరీక్షిస్తే 80 చోట్ల పాత కుల ముద్రనే ఎంచుకుంది. పండితుడు ఎవరు, మురుగు శుభ్రం చేసేవాడు ఎవరు అంటే, మన ఊరి పెద్దలు చెప్పిన జవాబే అది చెప్పింది.

ఆ పరిశోధకుడు చదువుకున్నవాడు కాబట్టి చూశాడు, పట్టుకున్నాడు. అక్కడ మాట మాత్రమే రాసే యంత్రం ఉంది. రేపు అదే బుద్ధి ఫారం నింపి, బొత్తం కూడా నొక్కే ఏజెంటులో ఉంటే? 'తప్పుగా ఉన్న' పేరును సరిచేసి పంపిస్తే? మన తల్లిదండ్రుల పేర్లు రికార్డుల్లో ఎట్లా ఉన్నాయో మనకు తెలుసు. బడిలో చేర్చుకున్న పంతులు తోచినట్టు రాసినవి, వెక్కిరింపుగా పెట్టినవి, ఒక్కో కాగితంలో ఒక్కో తీరుగా ఉన్నవి. యంత్రానికి అవి తప్పులుగా కనిపిస్తాయి. మనకు అవి రుజువులు. ఒక్క అక్షరం మారితే కుల సర్టిఫికెట్ ఒకరిది, దరఖాస్తు ఇంకొకరిది అవుతుంది.

5. బల్లకు అవతల కూడా యంత్రమే

బల్లకు ఇవతల ఏజెంటు వస్తోంది. అవతల ఇంకో రకం యంత్రం ఎప్పుడో వచ్చి కూర్చుంది. తెలంగాణలో 'సమగ్ర వేదిక' అనే వ్యవస్థ ఉంది. పలు శాఖల రికార్డులను కలిపి, ఈ పేరూ ఆ పేరూ ఒకరిదే అని లెక్కకట్టి, ఈ కుటుంబానికి కారుంది, ఇల్లుంది, అర్హత లేదు అని తేలుస్తుంది. 2014 నుంచి 2019 దాకా రాష్ట్రంలో 18 లక్షలకు పైగా ఆహార భద్రత కార్డులు నోటీసు లేకుండా రద్దయ్యాయని 2024 జనవరిలో రిపోర్టర్స్ కలెక్టివ్, అల్ జజీరా కలిసి రాశాయి. వ్యాజ్యం సుప్రీంకోర్టుకు పోతే, రద్దయిన కార్డులను ఇంటికి పోయి మళ్లీ విచారించమని 2022లో కోర్టు చెప్పాల్సి వచ్చింది. ఆ కథనంలో హైదరాబాద్‌లో ఒక రిక్షా కార్మికుడి కుటుంబం ఉంది. యంత్రం ఆయనకు కారు కట్టబెట్టింది. పేరు కలిసిన ఇంకెవరిదో ఆ కారు. కార్డు పోయింది.

ఒకచోట యంత్రం మనకు శర్మ పేరు ఇచ్చింది, ఇంకోచోట ఎవరిదో కారు ఇచ్చింది. రెండుచోట్లా మనం అడగలేదు. రెండుచోట్లా నష్టం మనకే.

ఇక్కడ ఉద్యమకారులు ఆలోచించాల్సింది ఒకటుంది. మన పోరాటాలన్నీ ఒక గుమ్మం ముందు జరిగాయి. ఎమ్మార్వో ఆఫీసు ముందు బైఠాయించాం, కలెక్టరేట్ గేటు పట్టుకుని ఊపాం, సంతకం పెట్టని అధికారి పేరు పెట్టి నినాదం ఇచ్చాం. కాదన్నవాడికి ఒక మొహం, ఒక కుర్చీ ఉండేవి. రేపు అర్జీ పెట్టింది ఏజెంటు, కాదన్నది ఇంకో యంత్రం అయితే, ధర్నా ఎక్కడ చేస్తాం? 'మీ దరఖాస్తులో వివరాలు సరిపోలలేదు' అంటే, ఆ వివరాలు నేను రాయలేదని ఎవరికి చెప్తాం? అధికారి సిస్టం అంటాడు. కంపెనీవాడు 'ఏజెంటు పొరపాట్లు చేయవచ్చు, సరిచూసుకోండి' అని ముందే రాసుకుంటాడు. ఆ సరిచూసుకోలేని మనిషి నెత్తినే తప్పు పడుతుంది.

బలిసినవాళ్ల మధ్య ఈ తగాదా అప్పుడే కోర్టుకు పోయింది. 2025 నవంబరులో అమెజాన్ పర్‌ప్లెక్సిటీ మీద దావా వేసింది. కామెట్ ఏజెంటు తానెవరో చెప్పకుండా మనిషిలా నటిస్తూ తమ అంగట్లోకి వస్తోందని అమెజాన్ ఫిర్యాదు. యజమానికి ఏ హక్కులున్నాయో ఆయన ఏజెంటుకూ అవే ఉన్నాయని పర్‌ప్లెక్సిటీ జవాబు. గుమ్మం దగ్గర ఆపి 'నువ్వెవరివి' అని అడిగితే ఎట్లుంటదో మన జాతికి తెలిసినంత ఎవరికి తెలుసు? కానీ చూడండి, అక్కడ యంత్రం తరఫున హక్కులు అడగడానికి ఒక కంపెనీ, దాని వకీళ్లు ఉన్నారు. యంత్రం కార్డు కొట్టేసిన రిక్షా కార్మికుడి భార్య కోర్టుల చుట్టూ తిరిగింది.

6. విసుగు పని, పాడు పని

సమాజం ముందుగా ఏ పనిని యంత్రానికి అప్పగిస్తుందో చూస్తే ఎవరి చేతులను మనుషుల చేతులుగా చూస్తుందో తెలుస్తుంది. హోటల్ టేబుల్ బుక్ చేయడం మనిషికి తగని విసుగు పని అని తేల్చి, దానికోసం ఇన్ని కోట్ల డాలర్లు పోశారు. అదే కాలంలో, 2019 నుంచి 2023 దాకా, మన దేశంలో మురుగు కాలువలూ సెప్టిక్ ట్యాంకులూ శుభ్రం చేస్తూ 377 మంది చనిపోయారని ప్రభుత్వమే పార్లమెంటుకు చెప్పింది. చేతులతో మలం ఎత్తించడాన్ని 1993లో ఒకసారి, 2013లో మరోసారి చట్టం నిషేధించింది. మురుగు పనివాళ్ల వివరాలు సేకరించిన కేంద్ర పథకం 'నమస్తే' లెక్కల్లోనే వందకు దాదాపు 69 మంది దళితులు. మనిషి దిగకుండా మ్యాన్‌హోల్ శుభ్రం చేసే యంత్రం కేరళ కుర్రాళ్లు 2018కే చేసి చూపించారు. యంత్రం లేక కాదు మనుషులు దిగుతున్నది.

మేం యంత్రానికి శత్రువులం కాదు. గాంధీ చరఖా ముందు కూర్చోమంటే, అంబేద్కర్ 1945లో కాంగ్రెస్, గాంధీల మీద రాసిన పుస్తకంలో దాన్ని తిప్పికొట్టాడు. యంత్రం లేకపోతే కిందివాడికి తీరిక లేదు, తీరిక లేకపోతే మనిషిగా ఎదిగే దారి లేదు అన్నది ఆయన వాదన. తప్పు యంత్రంలో లేదు, దాని లాభాన్ని కొందరే దక్కించుకునే ఏర్పాటులో ఉంది అన్నాడు. ఆ కొలతతోనే ఈ ఏజెంటును కూడా కొలవాలి. తీరిక ఎవరికి దొరుకుతోంది?

ఇంకా లోపలికి పోతే, ఈ యంత్రం లోపల కూడా మనుషులే ఉన్నారు. 1770లో వియన్నా రాజదర్బారులో చదరంగం ఆడే యంత్రపు తురక బొమ్మను చూపించారు. లోపల ఒక మనిషి నక్కి కూర్చుని ఎత్తులు వేసేవాడు. 2005లో అమెజాన్ చిల్లర డబ్బులకు చిన్న చిన్న కంప్యూటర్ పనులు చేయించే ఏర్పాటుకు సిగ్గు లేకుండా ఆ బొమ్మ పేరే 'మెకానికల్ టర్క్' అని పెట్టింది. చాట్‌జీపీటీని మర్యాదస్తుడిగా మార్చడానికి కెన్యాలో గంటకు రెండు డాలర్ల లోపు కూలికి మనుషులు రోజంతా రోత రాతలు చదివి గుర్తులు పెట్టారని 2023 జనవరిలో టైమ్ పత్రిక బయటపెట్టింది. పైన శుభ్రమైన తెర, కింద రోత ఎత్తే చేతులు. కులం పనిని మాత్రమే కాదు, పనిచేసేవాళ్లనే విడగొడుతుందని 1936లో అంబేద్కర్ అన్నది ఇక్కడ మరోసారి అర్థమవుతుంది. వాకిట్లో కనపడకూడదు, పని మాత్రం జరిగిపోవాలి. అగ్రకుల ఇంటికి ఈ కోరిక పాతదే. ఇప్పుడు దానికి సాఫ్ట్‌వేర్ దొరికింది.

7. 'మా అమ్మకు వరం కాదా?'

ఈ వ్యాసం మీద మేం చర్చించుకుంటున్నప్పుడు ఒక మిత్రుడు గట్టిగా అడిగాడు. "మా అమ్మకు చదువు రాదు. రేపు ఆమె తెలుగులో నోటితో చెప్తే, నెట్ సెంటర్‌కు వంద రూపాయలు ఇయ్యకుండ, ఎవరినీ బతిమాలకుండ, పింఛను అర్జీ అదే పెడితే మీకేం నొప్పి? ఇంగ్లీషు మనకు వద్దన్న పండితుల లెక్కనే ఉంది మీ మాట."

ఈ ప్రశ్నకు మేం తలవంచుతాం. నిజమే. అక్షరం మీద గుత్తాధిపత్యం వల్లే కరణం బతికాడు. ఆ గుత్తాధిపత్యాన్ని పగలగొట్టే ఏ సుత్తినైనా మనం మొదట చేతిలోకి తీసుకోవాలి. ఎవరినీ 'అయ్యా' అనకుండా అర్జీ పెట్టుకోవడం చిన్న విషయం కాదు. యంత్రం ఆమె చీర చూడదు, దూరంగా నిలబడమనదు. గుమాస్తా చూపు పడకుండా పని జరగడంలో ఉన్న గౌరవం మాకు తెలుసు.

కానీ మిత్రుడికి మా జవాబు ఒకటే. అమ్మ చెప్పింది యంత్రం రాసిందో లేదో అమ్మకెట్లా తెలుస్తుంది? తెలిసే ఏర్పాటు ఉంటే అది సుత్తి. లేకపోతే కరణం చేతికే మనం కొత్త కలం కొనిచ్చినట్టు. ఇంకో మాట. నెట్ సెంటర్ పిల్లవాడి కుర్చీ పోతే వాడెక్కడికి పోవాలి? హైదరాబాద్‌లో డేటా ఎంట్రీ, బ్యాక్ ఆఫీస్ పనుల్లోకి మన ఇళ్లలోంచి మొదటి తరం పిల్లలు ఇప్పుడిప్పుడే చేరారు. ప్రైవేటులో మనకు రిజర్వేషన్ లేదు, చివర చేరినవాడే ముందు బయటికి పోతాడు. గళ్లు నింపే పనిని ఏజెంటు తింటే ముందు తినేది ఆ కుర్చీనే. దీన్ని లెక్కలో వేయకుండా వరం అనలేం.

8. మనం అడగాల్సినవి

కనుక తిరస్కారమూ కాదు, ఆరాధనా కాదు. షరతులు పెట్టాలి. మేం అనుకుంటున్నవి ఇవి. సంఘాలు, విద్యార్థులు, టీచర్లు చర్చించి కలపాల్సినవి కలపాలి, కొట్టేయాల్సినవి కొట్టేయాలి.

ఒకటి: ప్రభుత్వ దరఖాస్తులో ఏ యంత్రం గళ్లు నింపినా, పంపేముందు ప్రతి గడినీ తెలుగులో పైకి చదివి వినిపించాలి. మనిషి సరే అన్నాకే బొత్తం పడాలి. ధ్రువీకరణ గళ్లో యంత్రం టిక్కు పెట్టడం నిషేధించాలి.

రెండు: పేరు, ఇంటిపేరు, కులం, తండ్రి పేరు కాగితంలో ఎట్లా ఉంటే అట్లాగే పోవాలి. సరిచేసే అధికారం యంత్రానికి లేదు.

మూడు: ఏజెంటు ఎక్కడెక్కడ నొక్కిందో, ఏమేం రాసిందో ఆ జాబితా దరఖాస్తుదారు సొత్తు. తర్వాత తగాదా వస్తే అదే మన సాక్ష్యం.

నాలుగు: కాదన్న ప్రతి నిర్ణయం కింద ఒక అధికారి పేరు, సంతకం, కారణం ఉండాలి. నోటీసు లేని రద్దు చెల్లదు. మనిషి కూర్చునే కౌంటర్ ఎత్తేయకూడదు.

ఐదు: ఇలాంటి యంత్రాన్ని ప్రభుత్వం కొనేముందు మన పేర్లతో, మన యాసతో, మన కాగితాలతో పరీక్షించి ఫలితాలు బయటపెట్టాలి. ఆ పరీక్ష మన సంఘాల ముందు జరగాలి.

ప్రభుత్వం చేసేదాకా ఆగక్కర్లేదు. వచ్చే స్కాలర్‌షిప్పుల సీజనులో ప్రతి వెల్ఫేర్ హాస్టల్లో ఒక సాయంత్రం ఫారం పైకి చదివే పని పెట్టుకోవచ్చు. ఏజెంటుతో ఒకసారి, చేత్తో ఒకసారి నింపి, రెండూ పక్కపక్కన పెట్టి చూడవచ్చు. ఎక్కడ పేరు మారింది, ఎక్కడ కులం మారింది, ఏ గడి వదిలేసింది అని రాసుకోవాలి. కానీ ఓటీపీ, పాస్‌వర్డ్ ఎవరి చేతికీ, దేని చేతికీ ఇవ్వొద్దు, పంపే బొత్తం మన వేలే నొక్కాలి. ఆ రాసుకున్న కాగితాలు మన దగ్గర ఉంటే, రేపు మంత్రి ముందు మాట్లాడేటప్పుడు మన దగ్గర రుజువులుంటాయి.

మన తాతలు చదవలేక వేలిముద్ర వేశారు. అది వాళ్ల తప్పు కాదు, చదువు వాళ్ల దగ్గరికి రానివ్వలేదు. చదువుకున్న మన తరం తీరిక లేదనో, యంత్రం చూసుకుంటుందనో చదవకుండా టిక్కు పెడితే అది మన తప్పే అవుతుంది. ఎవరు రాసినా సరే, ముందు చదివి వినిపించమందాం. విన్నాకే వేలు పెడదాం.